మోడరేటర్ ఆపిన మెయిల్

“పిస్టల్ వద్దు యుగేందర్. ల్యాప్‌టాప్ చాలు,” అన్నాడు చీఫ్ చంద్రయ్య.

భూపాలపల్లి దగ్గరి ఓ కరెంటు ప్లాంట్‌పై విదేశీ ముఠా కన్నేసింది. వాళ్ల వైరస్ ఫైల్‌ను ఒక్క ఇంజనీర్ తెరిచినా కంట్రోల్ రూమ్ ముఠా గుప్పిట్లోకి పోతుంది. ఆ ఇంజనీర్లందరికీ ఒక మెయిలింగ్ లిస్ట్ ఉంది. సభ్యుల మెయిల్ నేరుగా అందరికీ చేరుతుంది. సభ్యులు కానివాళ్లది మోడరేటర్ దగ్గర ఆగుతుంది; అతను వదిలితేనే అందరికీ పోతుంది. ఏజెంట్ యుగేందర్ ఇప్పుడు ఆ మోడరేటర్ వేషంలో, జనగామలో టైర్ల షాపు పైగదిలో కూర్చున్నాడు.

వారాలు గడిచాయి. వచ్చేవన్నీ లోన్ ఆఫర్లు, పెళ్లి సంబంధాలు, ఏ అడ్రస్‌తో చేరారో మరిచిపోయిన ఇంజనీర్ల గోడు. డిస్కార్డ్, డిస్కార్డ్, అప్రూవ్. గురి తప్పని షూటర్ వేలు మౌస్ నొక్కి నొక్కి వాచింది.

“సార్, పరేషాన్ అయితున్న. ఫీల్డ్‌ల వెయ్యిండ్రి.”

“గదే నీ ఫీల్డ్.”

ఆ మధ్యాహ్నం, షిఫ్ట్ మారే వేళకు కాస్త ముందు, రెండు మెయిల్స్ ఒకేసారి ఆగాయి. రెండూ సభ్యులు కానివాళ్లవే.

మొదటిది శామ్యూల్ అనే ఇంజనీర్ పేరుతో: ‘ప్లాంట్ అప్‌డేట్ అని ఒక ఫైల్ మన ఫోన్లకు వస్తోంది. ఎవరూ తెరవొద్దు.’

రెండోది మనీషాది. మహబూబాబాద్‌లో ముఠా ముసుగుగా నడిపే మిర్చి ఎగుమతి కంపెనీకి మేనేజర్‌గా, పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో ముఠాలో తిరుగుతున్న మన డబుల్ ఏజెంట్. ‘కందిపువ్వు. శామ్యూల్ మెయిల్ శత్రువుది. చెరిపెయ్. నా ఫైల్ అందరికీ వదులు. వైరస్‌కు అదే విరుగుడు.’

కోడ్‌వర్డ్ సరిగ్గానే ఉంది.

“మనీషా మన మనిషి. వదులు!” సంగతి వినగానే చీఫ్ ఫోన్‌లో అరిచాడు.

“జర ఆగుండ్రి సార్.”

శామ్యూల్ మెయిల్ కింద ఉన్న ఫోన్ నంబర్‌ను నమ్మకుండా, యుగేందర్ ప్లాంట్ కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి శామ్యూల్‌ను పిలిపించాడు.

“పొద్దుగాల్నుంచి ఆఫీస్ మెయిల్ లాక్ అయిందన్నా!” శామ్యూల్ మండిపడ్డాడు. “సొంత మెయిల్‌కెల్లి పంపితె, మోడరేటర్ చూసేదాక ఆగుమంటది. ఎవడన్నా ఆ మోడరేటర్? నిద్రపోయిండా ఏంది?”

“నేనే అన్నా.”

“అయితె జల్ది వదులు. షిఫ్టోళ్లు కూసుంటున్నరు. అద్దం అవతల ఒకడు ఫైల్ మీద వేలు పెట్టిండు, నేను మొత్తుకున్నా ఇనవడది!”

యుగేందర్ అప్రూవ్ నొక్కాడు. ఫోన్‌లో వరసగా మెయిల్ టింగుమన్న చప్పుళ్లు. తర్వాత శామ్యూల్ నిట్టూర్పు: “చేయి తీసిండన్నా.”

ఇక మనీషా మెయిల్. శామ్యూల్‌ది నిజమైతే ఆమెది అబద్ధం; ఇంకా ఆగి ఉన్న అతని మెయిల్ సంగతి, అతనిపై నిఘా పెట్టిన ముఠా చెబితేనే ఆమెకు తెలియాలి. ఏళ్లుగా తనతో పనిచేసిన మనిషి. రిజెక్ట్ కొడితే ఆమెకు తిరుగు మెయిల్ పోతుంది, ముఠా పారిపోతుంది. యుగేందర్ కొట్టలేదు. ‘ఫైల్ సైజు పెద్దగ ఉంది. పైవాళ్ల పర్మిషన్ అడుగుతున్న. ఆగు,’ అని ఆమెకు రాసి, చీఫ్‌కు ఒక్కటే మాట చెప్పాడు: “మిర్చి ఆఫీసుకు టీమ్‌ను పంపుండ్రి.”

తలుపులు విరిగేసరికి ముఠా అంతా ఒకే స్క్రీన్ ముందు మూగి ఉంది. మనీషా రిఫ్రెష్ నొక్కుతూనే ఉంది.

సాయంత్రం యుగేందర్ మహబూబాబాద్ చేరాడు. బేడీలతో జీపెక్కుతూ ఆమె కసిగా అడిగింది: “ఒక్క మెయిల్ వదలనీకె గింతసేపా?”

“నువ్వు సభ్యురాలివి కాకపోతివి,” అన్నాడు యుగేందర్. “ఆగాలె మరి.”