స్టీరింగు నూనెకు చీమలు

జయకుమార్ చెయ్యి పడిన బండి మళ్ళీ షెడ్డు ముఖం చూడదని మైదుకూరంతా చెప్పుకుంటుంది. అందరికన్నా ఎక్కువగా చెప్పుకునేది జయకుమారే. బద్వేలు రోడ్డులోని తన షెడ్డు బోర్డు మీద ఆ సంగతే ఎర్ర అక్షరాలతో రాయించాడు కూడా. సరిగ్గా ఆ బోర్డు కిందే ఆరాధన తెల్ల కారు మూడోసారి వచ్చి ఆగింది.

"ఏమప్పా," అంటూ దిగింది ఆరాధన. బడిలో లెక్కలు చెప్పే టీచరు కాబట్టి ఎదుటివాడు తప్పే చేసి ఉంటాడన్న నమ్మకంతో మాట మొదలుపెడుతుంది. "బోర్డుకు మంచి పెయింటు వేయించినారు. దాంట్లో సగం మంచి పైపు నా కారుకు వేసింటే బాగుండు."

"మళ్ళా కారుతాందా మేడం?"

"ల్యాదు, మిమ్మల్ని చూడాలని బుద్ధిపుట్టి వచ్చినా."

అది వెటకారమని జయకుమార్‌కు తెలుసు. అయినా చెవులు ఎర్రబడ్డాయి. పక్కన పంక్చర్లు వేసుకునే ఇమాం వలి ట్యూబును నీళ్ళలో ముంచి, అక్కర్లేనంతసేపు అక్కడే పట్టుకున్నాడు.

ఆ కారు ఆమె జేజినాయనది, అంటే తాతది. పల్లెలో పాస్టరుగా ఉన్నప్పుడు కొన్నాడు. పవర్ స్టీరింగంటే ఏమిటో చూడడానికి జనం పక్క ఊళ్ల నుంచి వచ్చేవారట. ఇప్పుడు ఆ స్టీరింగు నుంచే నూనె కారుతోంది. పెద్దాయన పోయి ఏడాది దాటింది.

వీళ్ళ పరిచయమే గొడవతో మొదలైంది. మొదటి రోజు జయకుమార్ స్పానర్ల సంచి తీసుకెళ్లి వెనక సీటు మీద పడేశాడు. ఆమె గట్టిగా అరిచింది.

"తీయప్పా! ఆ సీట్లో పెండ్లికూతురు తప్ప ఎవ్వరూ కూచోరు."

వాళ్ళ చర్చిలో ఏ ఆడపిల్ల పెళ్లయినా పెళ్లికూతురు ఆ కారులోనే రావాలి. జేజినాయన పెట్టిన ఆచారం అది. మామూలు రోజుల్లో ఆ సీటు ఖాళీగానే ఉంటుంది.

"మా స్పానర్లకూ సంబంధాలు చూస్తాండాం మేడం," అన్నాడు జయకుమార్. ఆమె నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగింది. ఆ తిరగడంతోనే మనవాడి పని అయిపోయింది. అప్పటి నుంచి ఆమె ఎప్పుడొస్తుందోనని రోజూ పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకుని ఉతికిన చొక్కా వేసుకుని ఇంజన్ల కింద దూరుతున్నాడు.

మొదటిసారి పైపు మార్చాడు. రెండోసారి పంపు సీలు మార్చాడు. పని ఎక్కడా తప్పు పోలేదు. అయినా కారు కారుతూనే ఉంది.

"ఈసారి ఎగతాళి కాదు," అంది ఆరాధన. గొంతు మారింది. "ఆదివారం మా చిన్నాయన బిడ్డ పెండ్లి. ఆ లోపల ఒక్క చుక్క కారినా ఈ బండిని కడపలో పాత ఇనుము అంగడికి తోలేస్తానని మా నాయన ఖండితంగా చెప్పేసినాడు. జేజినాయన నాకు డ్రైవింగు నేర్పించింది ఈ స్టీరింగు మీదనే."

జయకుమార్‌కు ఏదైనా మంచి మాట చెప్పాలనిపించింది. దొరికేలోపు ఆమే మళ్ళీ అందుకుంది.

"ఒకటి అడుగుతా. కావాలనే వదులు చేస్తాండారు కదా?"

"ఏంది?"

"పైపు క్లిప్పు. నేను మళ్ళా మళ్ళా రావాలని."

ఇమాం వలి ట్యూబు సంగతి పూర్తిగా మరిచిపోయాడు.

జయకుమార్ చేతిలోని గుడ్డను నేలకేసి కొట్టాడు. "నువ్వు రావాలని నాకుండేది నిజమే! దానికోసం చేసిన పనిని చెడగొట్టుకునే రకం కాదు నేను!"

ఆ తర్వాతే తానేం అన్నాడో అతని చెవికి చేరింది. ఆరాధన అప్పటికే తాళాలు బానెట్టు మీద పెట్టి, తల తిప్పకుండా నడిచి ఆటో ఎక్కేసింది.

"ప్రేమ చెప్పేటప్పుడు ఎవరన్నా అట్ల అరుస్తారాబ్బీ?" అన్నాడు ఇమాం వలి జాలిగా.

మర్నాడు పొద్దున షెడ్డు తెరిస్తే కారు కింద చీమలు బారులు తీరి ఉన్నాయి. జయకుమార్ చాలాసేపు గొంతుక్కూర్చుని చూశాడు. ఎన్నేళ్ళ నుంచో ఈ పని చేస్తున్నాడు, స్టీరింగు నూనెకు చీమలు పట్టడం ఎన్నడూ చూడలేదు. చుక్కను వేలికి రాసుకుని వాసన చూశాడు. బజ్జీల బండి దగ్గర నిలబడినట్టుంది.

"శెనక్కాయ నూనె!"

మన ఘనుడు పైపు చూశాడు, సీలు చూశాడు. లోపల ఉన్న నూనె ఏదో మాత్రం చూడలేదు. ఆరాధన పక్కన నిలబడి ఉంటే స్టీరింగు నూనె డబ్బాలో మజ్జిగ పోసినా అతనికి తెలిసేది కాదు.

కొత్త సీలు, అసలైన నూనె డబ్బా ముందు సీట్లో పెట్టుకుని ఆ కారులోనే నేరుగా వాళ్ళ పల్లెకు పోయాడు. వసారాలో ఆరాధన నాయనమ్మ జ్ఞానమణి చింతపండు ఒలుస్తోంది. అలికిడికి ఆరాధన గుమ్మంలోకి వచ్చింది.

"జేజీ, ఈ కారుకు శెనక్కాయ నూనె ఎవరు పోస్తాండారు?" అన్నాడు జయకుమార్.

"నేనే," అంది జ్ఞానమణి ధీమాగా. "పెండ్లికి బయలెల్లే ముందర మా ఆయప్ప ప్రార్థన చేసి బానెట్టు మీద ఒక చుక్క నూనె రాసేవాడు. ఆయప్ప పోయినంక నేను రాస్తాండా. ఒకపారి బానెట్టు తెరిచి ఉంటే, మూత ఉండే డబ్బా కండ్లబడె. లోపల సగమే ఉండాది. పైన రాసేదానికన్నా కడుపులోకి పోస్తే మేలు కదా అని పోసినా."

"ఇంజను వేడికి ఆ నూనె మరిగి, సీలు ఉబ్బిపోయి కారుతాంది జేజీ. అన్నిసార్లూ తెలియకనే పోసినావా?"

"మొదటిపారి తెలియకనే." ముసలామె గొంతు తగ్గింది. "ఆయప్ప పోయినప్పట్నుంచి ఈ పిల్ల నగింది ల్యాదు నాయనా. నీ షెడ్డు కాడ్నుంచి వచ్చిన దినం నిన్ను తిట్టుకుంటా, నగుకుంటా కడుపు నిండా అన్నం తినె. మళ్ళా పోసినా."

ఆరాధన ముఖం అటు తిప్పుకుని, గబగబా వచ్చి కారు బానెట్టు ఎత్తింది.

జయకుమార్ పాత నూనెంతా దించి, శుభ్రం చేసి, కొత్త సీలు బిగించాడు. కారు కింద తెల్ల అట్ట పరిచాడు. ఆమె స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతుంటే కింద పడుకుని చూశాడు. ఒక్క చుక్క లేదు. అంతలో వాన మొదలైంది; సీమ వాన కదా, పరువు కోసం అన్నట్టు నాలుగు చినుకులు రాల్చి వెళ్ళిపోయింది.

"ఇంక కారదు మేడం. మా షెడ్డుకు వచ్చే పని పడదు," అన్నాడు లేచి. గెలిచినవాడి ముఖం అంత దిగులుగా ఉండడం ఎక్కడా చూడం.

"నిన్న అట్ల అన్నందుకు సారీ," అంది ఆరాధన. వెనక తలుపు తీసి సీటు మీద దుమ్ము దులిపింది. "చెల్లెలి పెండ్లి అయినంక ఈ సీట్లో కూచునేది నేనేనంట. నేను వెనక కూచుంటే స్టీరింగు పట్టేవాళ్ళు కావాల కదా."

జయకుమార్ చేతిలోని స్పానరును ఊరికే తుడవసాగాడు. సంబంధం కుదిరినట్టుంది. అయినా దిగమింగుకున్నాడు. "నేను నడుపుతాలెండి. ఈ స్టీరింగు నాకు అలవాటే."

"నువ్వు ముందర కూచొని నడిపితే చర్చిలో నా పక్కన నిలబడేది ఎవరప్పా, ఇమాం వలినా?"

అతని చేతిలోంచి స్పానరు జారి, సొంత కాలి మీదే పడింది. నొప్పి సంగతి తర్వాతెప్పుడో గుర్తొచ్చింది.

"వీళ్ళ నాయన ఏసేపుతో నేను మాట్లాడతాలే," అంది జ్ఞానమణి వసారాలోంచి, కొడుకును ఒప్పించడం ఏపాటి పని అన్నట్టు. "నువ్వేం భయపడొద్దు మనవడా. ఆ దినం నూనె బానెట్టు మీదనే రాస్తా."