చిలక కొట్టని జామపండు

మణిగిరి రాజ్యంలో కట్టెలు కొట్టేవాళ్ళకు ఒక ఆచారం ఉండేది. గొడ్డలి ఎత్తే ముందు దాని పిడితో మానును మూడుసార్లు తట్టి, "లోపల ఎవరన్నా ఉన్నారా?" అని అడిగేవారు. రెక్కల చప్పుడు వినిపిస్తే ఆ చెట్టు జోలికి పోయేవారు కాదు. అటువంటి రాజ్యంలో కీర్తికేతు మహారాజుకు చెరకుతోటల మీద మోజు పుట్టింది. రాజుగారికి మోజు పుడితే ఆగుతుందా? గుగ్గిలకోన అడవిని నెలలోపు నేలమట్టం చెయ్యమన్నాడు. ఇక తట్టడానికీ, అడగడానికీ ఎవరికీ తీరిక లేకపోయింది.

చెరకు ఏపుగా పెరిగింది. వెనకాలే ఒక మాయదారి జ్వరమూ వచ్చింది. కళ్ళు ఎర్రబడేవి, ఒళ్ళు కాలిపోయేది, ఆరోనాటి పొద్దు గుంకేలోపు ప్రాణం పోయేది. వైద్యుల కషాయాలన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి.

కట్టెలు కొట్టే కోనప్ప కూతురు నాంచారికి పన్నెండేళ్ళు. తల్లి ఓబులమ్మ మంచాన పడిన మర్నాడే, ఆ పిల్ల ఊరి చివర ఉండే ముని కాళ్ళ మీద పడింది.

"మీ అమ్మ ఏం తిన్నదమ్మా?" అని ముని అడిగాడు.

"చిలక కొట్టిన జామపండు దొరికితే నేనే తెచ్చిపెట్టా స్వామీ. చిలక కొట్టింది తియ్యగా ఉంటుంది గదా! ఇదిగో, నాకని సగం దాచింది."

ముని ఆ పండును చూసి నిట్టూర్చాడు. "ఇది చిలక ముక్కు కాదు తల్లీ, గబ్బిలం పన్ను. అడవి పోయి అవి మన తోటల్లో పడ్డాయి. గుగ్గిలకోన అవతల గుహలో వాటి రాణి ఉంది. మందంటూ ఉంటే ఆమెకే తెలియాలి."

కన్నతల్లికి తన చేతులతో తానే విషం పెట్టింది! నాంచారి ఏడుస్తూనే పరుగెత్తింది.

చెరకు ఇంకా నాటని మోడుల మధ్య రెండు రోజులు నడిచింది. నీడ లేదు, చుక్క నీరు లేదు. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. గుహ ముందు ఒక రాక్షసుడు అడ్డం నిలిచాడు.

"ఓసీ మానవబాలికా! ఈ అడవిని నరికిందెవరు? అబద్ధమాడితే నమిలేస్తాను!"

రాజు పేరు నాలుక చివరిదాకా వచ్చింది. "మా నాన్న," అంది నాంచారి తల వంచుకుని. "ఆ కూలితో వండిన అన్నం నేనూ తిన్నాను."

"మందు కోసం ఇంతమంది వచ్చారు, ఈ మాట ఒక్కరూ అనలేదు" అంటూ రాక్షసుడు దారి ఇచ్చాడు.

లోపల గబ్బిలాల రాణి తలకిందులుగా వేలాడుతోంది. "ఆ జ్వరం తాతల నాటి నుంచీ మా రక్తంలో ఉంది. మమ్మల్నేమీ చెయ్యదు. అడవి ఉన్నన్నాళ్ళూ మీ జోలికీ రాలేదు. మా ఇల్లు పీకింది మీరే కదమ్మా!" అని ఒక మద్దిగింజను రాల్చింది. "ఇది మింగిస్తే మీ అమ్మ ఒక్కతే బతుకుతుంది. నరికిన నేలలో పాతితే అడవి లేస్తుంది. మేము ఇంటికి పోతాం, జ్వరమూ మా వెంట వచ్చేస్తుంది. అయితే, అడవి లేవడానికి ఒక పగలంతా పడుతుంది."

నాంచారి ఇల్లు చేరేసరికి ఆరోనాటి తెల్లవారింది. కోనప్ప మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. నాంచారి గింజ సంగతి చెప్పి, దాన్ని తల్లి నోటి దగ్గర పెట్టింది. ఓబులమ్మ పెదవులు బిగించింది.

"పక్కింట్లో ఆ ఏడుపెవరిదే?"

"పోలమ్మత్త పాపదమ్మా. దానికీ జ్వరమే."

"అయితే పాతెయ్యవే తల్లీ."

"పొద్దు గుంకేదాకా నువ్వుండవమ్మా!"

"ఉంటాలే. నువ్వు పద."

చెరకుతోటలో భటులు నాంచారిని పట్టుకున్నారు. వాళ్ళు పంపిన కబురులో గింజ మాట విని కీర్తికేతు కత్తి దూసి పరుగున వచ్చాడు. "నా కొడుకు చావుబతుకుల్లో ఉన్నాడు. అది నాకియ్యి! అర్ధరాజ్యం ఇస్తాను!"

"మా అమ్మకే పెట్టలేదు మహారాజా! ఇది పాతితే అందరికీ జ్వరం పోతుంది!" అని నాంచారి భోరుమంది.

రాజు చేతిలోని కత్తి జారిపోయింది. ఆయన వంగి, తన చేతులతోనే చెరకు పీకడం మొదలుపెట్టాడు. ఆ జాగాలో నాంచారి గింజ పాతింది. మధ్యాహ్నానికి తోటంతా మొక్కలు లేచాయి. పొద్దు వాలేసరికి అవి మహావృక్షాలయ్యాయి. జామతోటల్లోని గబ్బిలాలన్నీ ఆకాశం కనిపించకుండా లేచి కోనవైపు సాగాయి.

నాంచారి ఇంటికి పరుగెత్తింది. లోపల మూలుగు వినిపించలేదు. గడప దగ్గరే ఆగిపోయింది.

"నాంచారీ, కాస్త గంజి పొయ్యవే" అంది లోపలినుంచి ఓబులమ్మ.

యువరాజూ, పోలమ్మత్త పాపా కూడా కోలుకున్నారు. రాజు గుగ్గిలకోన ఏలుబడిని నాంచారికే అప్పగించాడు. కొన్నేళ్ళకు ఆయన కోట తలుపులు పాతబడ్డాయని, తానే గొడ్డలి పట్టుకుని గుగ్గిలకోనకు వచ్చాడు.

"తట్టి అడగండి మహారాజా" అంది నాంచారి.

రాజు ఒక మానును మూడుసార్లు తట్టి అడిగాడు. లోపల రెక్కలు టపటపలాడాయి. కీర్తికేతు గొడ్డలి భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. మణిగిరి కోటకు నేటికీ ఆ పాత తలుపులే.