కొట్టేసిన వాక్యం

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిరేయస్ రేవులో పురుగు కూడా కదలదు. ఊరంతా కిటికీలు మూసి కునుకు తీస్తుంది. ఓడ ప్రమాదాల విచారణ కార్యాలయంలో అనెస్తిస్ ఒక్కడే మిగిలాడు. అతనికి కంటి మీద కునుకు లేక చాలా రోజులైంది.

రెండేళ్ల కిందట స్తమాతిస్ నడిపే ఓడలో అడుగున, ఇంజను గదిలోకి నీళ్లు రాకుండా మూసి ఉంచాల్సిన ఇనుప తలుపు గుండా నీళ్లొచ్చాయి. ఉక్క భరించలేక ఆ తలుపును తెరిచి, మూసుకోకుండా తాడుతో కట్టేయడం అక్కడందరికీ అలవాటే. అదృష్టం బాగుండి ఎవరూ పోలేదు. 'తలుపు కట్టరాదు, ఓడలన్నిటికీ చెప్పాలి' అని అనెస్తిస్ నివేదికలో రాశాడు. అతని కూతురికి బాప్తిస్మం ఇప్పించిన ఆత్మబంధువు స్తమాతిస్ వచ్చి చేతులు పట్టుకున్నాడు.

"ఆ ఒక్క ముక్క కొట్టెయ్ బావా. నా ఉద్యోగం ఊడుతుంది."

మొహమాటానికి పోయి కొట్టేశాడు. పోయిన నెల ఇంకో ఓడ మునిగింది. అదే తలుపు, అదే తాడు. పదకొండు మంది పోయారు.

ఆ ఓడలో దొరికిన మాటల రికార్డును ఇప్పుడు చెవులకు పెట్టుకుని వింటున్నాడు. ఇంజను గదిలో పనిచేసిన కల్లిరోయి అనే అమ్మాయి అరుస్తోంది.

"కెప్టెన్! తలుపు మూసుకోవట్లేదు! ముడి బిగుసుకుపోయింది!"

"ఎవరు కట్టమన్నారే?"

"అందరూ కడతారుగా... వద్దని మాకెవరూ చెప్పలేదు..."

నీళ్ల హోరు. అంతే. రికార్డు అయిపోయింది. అనెస్తిస్ సిగ్గుతో చితికిపోయాడు. ఆ అమ్మాయి తల్లికి ఏ మొహం చూపిస్తాడు?

గదిలో డీజిలు వాసన... ఉప్పు వాసన...

"మీకు తెలుసుగా, సార్?"

చెవిలోనే గుసగుస. యంత్రం ఆగే ఉంది. వైర్లు లాగి పారేశాడు. అతని కుర్చీ వెనక నుంచి గుమ్మం దాకా తడి అడుగులు... బయటికి వెళ్లినవే. లోపలికి వచ్చినవి లేవు.

ఓడలో ఉన్న స్తమాతిస్‌కు ఫోన్ చేశాడు. "బావా... ఆ తలుపు..."

"నీ దగ్గర దాపరికమేంటి, ఇంకా కడుతూనే ఉన్నాం. ఇప్పుడే మీ ఆఫీసు పిల్ల వచ్చి విప్పేసింది. నువ్వే పంపావటగా?"

"నేనెవర్నీ..."

"కల్లిరోయి అంది పేరు. ఒళ్లంతా తడిసి ముద్దయింది పాపం. తలుపేసుకుని లోపలే ఉండిపోయింది. లోపల్నుంచి ఒకటే బాదుతోంది..."

ఫోన్లో ఇనుము మోగుతోంది. ఒక్క చెయ్యి కాదు... చాలా చేతులు.

"తెరవమంటావా బావా?"