మడత నీడ లేని పుస్తకం

బీరువా మూడో అరలో పుస్తకం లేదు. అట్టపెట్టె ఉంది. పెట్టె మీద చీటీ ఉంది. లోపల ఖాళీ.

మంగళవారం ఉదయం 9:20కి ఆర్కైవ్‌లో పాత పుస్తకాలకు ఫోటోలు తీసే కెమెరా అమ్మాయి ఆ సంగతి చూసింది. 9:50కి ఆర్కైవ్ డైరెక్టర్ పోలీసులకు ఫోన్ చేశాడు. 10:30కి ఇన్‌స్పెక్టర్ బీరువాల తాళాలు చూసే అటెండర్ అక్కని జీపెక్కించాడు. గంట తిరక్కుండా కేసు తేల్చేశానని లోలోపల మురిసిపోయాడు కూడా.

పోయింది మామూలు పుస్తకం కాదు. ఎనభై ఏళ్ల కిందట బట్టల మిల్లులో ఆడకూలీలు సమ్మె చేస్తూ రోజూ రాసుకున్న నోటుబుక్కు. నూట ఎనభై నాలుగు పేజీలు. లోకంలో మరో ప్రతి లేదు. ఇలాంటి పాత రాతల్ని ఫోటోలు తీసి, కంప్యూటర్లో ఎవరైనా చదువుకునేలా పెట్టడమే ఆ ఆర్కైవ్ పని.

సోమవారం తనే కెమెరాతో ఫోటోలు తీసి, నాలుగింటికి పుస్తకం బీరువాలో పెట్టేశానని డైరెక్టర్ చెప్పాడు. తాళాల రిజిస్టరులో ఉన్నది అక్క సంతకం ఒక్కటే.

"తొమ్మిదింటికి తెరుస్తా, ఆరింటికి వేస్తా. మధ్యలో ఎవరేం తీశారో నన్నడిగితే ఎలా సారూ?" అంది అక్క.

ఇన్‌స్పెక్టర్ చెవిన పెట్టలేదు. కళ్లద్దాల డైరెక్టర్ మాట సాక్ష్యమైంది, తాళంచెవుల మనిషి మాట బుకాయింపైంది. సగం దర్యాప్తులు ఇలాగే ఏడుస్తాయి.

ఒంటిగంటకి స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ భోజనం డబ్బా తెరిచాడు. ఎదురుగా బెంచీ మీదున్న అక్క ఏడవలేదు, బతిమాలలేదు. ఒకటే అడిగింది.

"పదహారేళ్లుగా ఆ బీరువాలకి తాళం వేస్తున్నా సారూ. ఒక్క కాగితం పోలేదు. రేపట్నుంచి ఎవరు నా చేతికి తాళమిస్తారు?"

2:10కి అతను మళ్లీ ఆర్కైవ్‌లో ఉన్నాడు.

"ఆ పుస్తకం ఫోటోల ఫైళ్లు చూపించమ్మా. పక్కనే నువ్వు ఫోటోలు తీసిన ఇంకో పుస్తకం కూడా తెరువు."

కెమెరా అమ్మాయి రెండూ తెరిచింది. ఆమె తీసినదాంట్లో ప్రతి పేజీకీ ఒక అంచున నల్లటి చార.

"ఇదేంటి?"

"మడత నీడ సార్. కుట్టిన పుస్తకం పూర్తిగా పరుచుకోదు కదా. కుట్టు దగ్గర లోపలికి దిగుతుంది. ఎంత లైటు పెట్టినా ఆ నీడ పోదు."

"మరి దీంట్లో లేదే?"

అమ్మాయి తెరకు దగ్గరగా వంగి చూసింది. "సోమవారం నేను సెలవు సార్," అంది మెల్లగా.

"పేజీకి ఎంతసేపు పడుతుంది నీకు?"

"నిమిషం. పాత కాగితమైతే రెండు."

"ఈ ఫైళ్ల టైములు చదువు."

"మొదటిది 11:31. చివరిది... 11:38."

"నూట ఎనభై నాలుగు పేజీలు, ఏడు నిమిషాలు. మీ డైరెక్టర్ గారికి ఎన్ని చేతులమ్మా?"

లేస్తూ గోడ మీది నోటీసు బోర్డు చదివాడు. రెండుసార్లు చదివాడు.

3:30కి ముగ్గురూ ఆ గదిలోనే కూర్చున్నారు. డైరెక్టర్, కెమెరా అమ్మాయి, పాత పుస్తకాలకు బైండింగ్ చేసే ముసలాయన. అందరూ ఆయన్ని సూదితాత అంటారు.

"సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఏముంది సార్?" ఇన్‌స్పెక్టర్ డైరెక్టర్‌ని అడిగాడు.

డైరెక్టర్ కళ్లద్దాలు తుడిచాడు. "ఏముంటుంది?"

"మీ బోర్డు మీదే ఉంది. డిజిటల్ హ్యుమానిటీస్‌లో, అంటే మీరు చేసే ఈ కంప్యూటర్ పనిలో, అవకాశాలు, వనరులు అని జాబితా. ఆఖరి వరుస కింద ఎర్రగీత. గ్రాంటు దరఖాస్తు, సోమవారం పన్నెండు లోపు. పూర్తిగా స్కాన్ చేసిన పుస్తకం ఒకటి జతచేయాలి. అది మీ కంటపడింది ఎప్పుడు?"

డైరెక్టర్ బోర్డు వైపు తిరిగాడు.

"పదిన్నరకి," అన్నాడు సూదితాత, నేల చూస్తూ.

"తాతా, నువ్వూరుకో!" అన్నాడు డైరెక్టర్.

"ఊరుకునే కదయ్యా ఇంత దూరం తెచ్చాం."

ఇన్‌స్పెక్టర్ ఆయన వైపు తిరిగాడు. "గంటన్నరలో కెమెరాతో అవదు. ఆఫీసులో కాగితాలు లాక్కునే స్కానర్‌తో అవుతుంది. దానికి విడి కాగితాలు కావాలి. కుట్టు నువ్వే కోశావా తాతా?"

"ఈ చేతుల్తోనే. మళ్లీ కుట్టేద్దువులే అన్నారు." తాత తన వేళ్లు చూసుకున్నాడు. "ఎండిపోయిన కాగితం బాబూ. మెషీన్ ప్రతి పేజీనీ చదివింది. అవతల నుసి చేసి రాల్చింది. ఊడ్చి సంచిలో పోశాం. సాయంత్రమే చెత్తబండి ఎత్తుకుపోయింది."

"అక్కని జీపెక్కిస్తుంటే ఎక్కడున్నావు?"

"కిటికీ దగ్గర. చూస్తూనే ఉన్నా."

డైరెక్టర్ లేచాడు. "ప్రతి అక్షరం ఫైల్లో భద్రంగా ఉంది! ఆ గ్రాంటు వస్తే ఇలాంటివి నూరు కాపాడతాం. అసలు పోయిందేంటో చెప్పండి?"

"ఏమీ పోకపోతే దొంగతనమని నాకెందుకు ఫోన్ చేశారు?"

డైరెక్టర్ కూలబడ్డాడు.

కేసు తేలింది. ఇన్‌స్పెక్టర్‌కి మాత్రం ఒంటిమీద మురికి అంటినట్టే ఉంది. ఆ టైములు పొద్దున కూడా ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. తను అడగలేదు, అంతే.

4:25కి స్టేషన్లో అక్క ముందు కాగితం పెట్టాడు. "మీ తప్పేం లేదమ్మా. సంతకం పెట్టి వెళ్లండి."

"పుస్తకం?"

చెప్పాడు. అక్క కాగితం చదివింది. విచారణకు సహకరించారు, పంపించాము అని ఉంది.

"ఇందులో మీరు చేసింది లేదే?"

పక్కనున్న కానిస్టేబుల్ ఇకిలించబోయి, ఇన్‌స్పెక్టర్ మొహం చూసి ఆగిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ తెల్లకాగితం లాక్కుని తన చేత్తో రాశాడు. ఏ ఆధారమూ లేకుండా ఈమెను ఆరు గంటలు కూర్చోబెట్టాను. ఈమె చెప్పింది వినలేదు. తప్పు నాది. కింద సంతకం, తేదీ, టైము 4:40.

అక్క రెండుసార్లు చదివింది. కానిస్టేబుల్ ఫైలు తెరిచి చెయ్యి చాచాడు.

"జిరాక్స్ మీరుంచుకోండి," అంది అక్క, కాగితం వదలకుండా. "అసలుది నాది."