పదికి ఏడు

పెట్టుడు కాళ్లు తయారుచేసే ఆ వర్క్‌షాపులో అతను చేతులకంటిన ప్లాస్టర్ పొడి దులుపుకునేలోపే, కొత్తగా వచ్చిన అమ్మాయి బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్న వాళ్లందరికీ కాగితాలు పంచేసింది. ఫిలాసఫీలో రీసెర్చ్ చేస్తోందట. మనిషి బాగుండటమంటే ఏమిటన్నది ఆమె థీసిస్.

"మీ జీవితానికి పదికి ఎన్ని మార్కులేస్తారు?" అని, బట్టలు కుట్టుకుని బతికే, అక్కడందరూ అత్తయ్యనే పిలిచే ఆవిడను అడిగింది.

"పదికి పది వేసుకో తల్లీ," అంది అత్తయ్య.

అతనికి చురుక్కుమంది. అత్తయ్య పెట్టుడు కాలి తొడుగు వదులై ఏడాదిగా ఒరుసుకుపోతోంది. ఆ సంగతి ఆవిడ నోరువిప్పి చెప్పింది ఈ రోజే.

"ఆ పది కొట్టేయండి," అన్నాడు.

"ఆవిడ జీవితానికి మార్కులు దిద్దడానికి మీరెవరండీ?"

"కాళ్లు చేసేవాణ్ణి. మూడో అంతస్తులో ఉన్న చెల్లెలింటికి వెళ్లడం మానేసిందీవిడ. వెళ్లాలనుకోవడం కూడా మానేసింది. అందుకే పది."

ఆమె ముఖం ఎర్రబడింది. "సుఖంగా ఉండటమే బాగుండటమని కొందరంటారు. కోరుకున్నది దొరకడమని ఇంకొందరు. మనం కోరుకోకపోయినా స్నేహం, జ్ఞానం లాంటివి ఉండితీరాలని మరికొందరు. వాళ్లంతా వందల ఏళ్లుగా వాదించుకుంటుంటే, మీరు ఒక్క మాటలో తేల్చేశారా?"

"తేల్చలేదండీ. కోరికలే చంపుకున్నవాళ్లను మీ కాగితం ఎలా పట్టుకుంటుందని అడుగుతున్నా."

ఆమె బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. ఇద్దరికీ అభిమానం పాలు కాస్త ఎక్కువే.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. నింపించిన కాగితాలు చాలలేదంది. అతను అత్తయ్య కాలికి కొత్తగా అచ్చు తీస్తుంటే పక్కనే కూర్చుని చూసింది. బయట వాన మొదలైంది.

"గొడుగు తెచ్చుకోలేదా?" అన్నాడు.

"తెచ్చుకున్నాను."

"మరి?"

"కొత్త గొడుగు. తడపడం ఇష్టంలేదు."

అతను తల వంచుకుని నవ్వుకున్నాడు.

నెల తర్వాత అత్తయ్య కొత్త కాలితో మూడంతస్తులూ ఎక్కొచ్చింది. రీసెర్చ్ అమ్మాయి అదే ప్రశ్న మళ్లీ అడిగింది.

"ఏడు," అంది అత్తయ్య.

అతనికి గుండె జారింది. "తొడుగు నొప్పిగా ఉందా?"

"కాలు బంగారంలా ఉంది నాయనా. చెల్లెలి డాబా మీంచి చూస్తే రైళ్లు కనిపించాయి. నేను చూడని ఊళ్లు ఎన్నున్నాయో కదా. ఆ మూడు మార్కులూ వాటికి అట్టిపెట్టా."

అమ్మాయి పెన్ను కింద పెట్టేసి అతని వైపు తిరిగింది. "మీరే గెలిచారు," అంది మెల్లగా. అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఏడాది తర్వాత, ఆమె థీసిస్ పరీక్ష రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని చివరి వరసలో కూర్చున్నాడు. "మార్కులు తగ్గితే జీవితం మెరుగైందని ఎలా అంటారు?" అని పరీక్షకుడు నిలదీశాడు.

"మనిషి బాగును కొలిచేముందు, ఆ మనిషి ఏమేం ఆశించడం మానేసిందో అడగాలండీ. ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. వెనక కూర్చున్న ఆయన చెప్పారు."

హాలంతా వెనక్కి తిరిగింది. అతను మాత్రం ఆమెనే చూస్తున్నాడు. అంతమంది పెద్దల ముందు తొణక్కుండా నిలబడ్డ ఆ మనిషి తనకు తెలిసిన మనిషని ఊరంతా చెప్పుకోవాలనిపించింది.

వరండాలో ఆమె తండ్రి ఎదురయ్యాడు. "ఎవరమ్మా ఈ అబ్బాయి?"

"నేను పెళ్లి చేసుకోబోయే మనిషి నాన్నా. ఆయనకింకా చెప్పలేదు."

తండ్రి అతని వైపు తిరిగాడు. "విన్నావా బాబూ?"

"విన్నానండీ. నేనే ముందు అడుగుదామనుకున్నాను."

ఆయన అతని గరుకు చెయ్యి అందుకుని, ఇటూ అటూ తిప్పి చూశాడు. "అయితే ఏడాదిగా మా ఇంట్లో పూటపూటా వినిపిస్తున్న కాళ్ల మేస్త్రివి నువ్వేనన్నమాట."

ఆమె చేతిలోని థీసిస్ ముఖానికి అడ్డం పెట్టుకుంది.