ఆదుల మూట

పొద్దున లేవగానే ఆ ఇంట్లో మొదటి పని పొయ్యి వెలిగించడం కాదు, పొయ్యి దాకా దారి చేసుకోవడం. పరుపు మడిచి గోడకు నిలబెట్టాలి. బల్ల మడిచి తలుపు వెనక కొక్కేనికి తగిలించాలి. అత్తగారి కుట్టు మిషను ముందున్న స్టూలును మిషను కిందికి తోయాలి. ఇంత చేస్తే గాని కోడలు పిల్లాణ్ణి చంకనేసుకుని వంటింట్లోకి అడుగుపెట్టలేదు.

మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు. ఉన్న చోటునంతా కోడలు తనకు చేతనైనట్టు వాడుకుంది. సీసా మూతలను అలమర అడుగున మేకులతో బిగించి, పప్పుల సీసాలను గబ్బిలాల్లా వేలాడదీసింది. చెప్పుల పెట్టెను గోడకెక్కించింది. అదనపు దుప్పట్లను గలీబుల్లో కూరి దిండ్లు చేసింది. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇల్లు ఇరుకని ఆమె గొణిగినప్పుడల్లా, "రోజంతా ఇనప డబ్బాలో నిలబడి వచ్చేవాణ్ణి, నాకిది మైదానమే," అని నవ్వేసేవాడు.

ఆమెకు నవ్వు వచ్చేది కాదు. పిల్లాడికి పదమూడు నెలలు. జుట్టు ఇంకా సరిగా రాలేదని వాణ్ణి అందరూ గుండుగాడు అనేవారు. వాడు నిలబడడు. పట్టుకుని నిలబెట్టినా కాళ్ళు ముడుచుకుంటాడు. ఆస్పత్రిలో నర్సు వాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసి, ఒంట్లో ఏ లోపమూ లేదు, ఎప్పుడూ చంకలోనే ఉంటే కాళ్ళకేం తెలుస్తుంది, కాస్త నేల ఇవ్వమ్మా అంది. ఆ మాట కోడలి చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. నేల ఎక్కడుంది? మంచం పక్కన ఉన్న ఆ కాస్త జాగానూ అత్తగారి మూటలు ఆక్రమించాయి.

అత్తగారిది కుట్టుపని. ఆమె కొట్టున్న భవనం కూలగొట్టాక మిషనూ మూటలూ ఈ గదికి చేరాయి. మూటల సంగతి రెండుసార్లు మొగుడి దగ్గర ఎత్తింది కోడలు. అమ్మ మూటల జోలికి మాత్రం వెళ్ళకు, తేనెతుట్టెలో చెయ్యి పెట్టినట్టే అన్నాడు.

ఆ రోజు అత్తగారు దారాలు కొనడానికి వెళ్ళింది. కింద గేటు దగ్గర, వారానికొకసారి పాత బట్టలు పోగుచేసుకుపోయే బండి హారను మోగింది. కోడలు పెద్ద మూట విప్పి చూసింది. రంగు వెలిసిన చొక్కాలు, చంకలో పిగిలిన గౌన్లు, కాలరు నలిగిన కోట్లు. ఒక్కటీ కట్టుకునేలా లేదు. మళ్ళీ ముడేసి, భుజానికెత్తుకుని మూడంతస్తులూ దిగింది. ఒక చంకన పిల్లాడు, మరో భుజాన మూట.

తిరిగొచ్చి ఖాళీ అయిన చోటు తుడిచి, వాణ్ణి కూర్చోబెట్టింది. వాడు కాసేపు తన కాళ్ళ వంక తనే వింతగా చూసుకున్నాడు. తర్వాత డేకుతూ వెళ్ళి మంచంకోడు పట్టుకుని లేచాడు. ఊగాడు, తూలాడు, కానీ నిలబడ్డాడు. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తన కేకకు వాడెక్కడ పడిపోతాడోనని.

ఈ కబురు ముందు అత్తగారికే చెప్పాలని ఎదురుచూసింది. ఆమె గుమ్మంలోకి వచ్చి మనవణ్ణి చూడలేదు, నేలను చూసింది.

"అమ్మాయ్, ఇక్కడి మూటేది?"

పాత బట్టలే కదా అని బండికిచ్చేశానంది కోడలు.

అత్తగారు చేతిలో సంచీ దించకుండానే స్టూలు మీద కూలబడింది. "అవి పాత బట్టలా? ఆదులే తల్లీ. నలభై మంది ఒళ్ళు ఆ మూటలో ఉన్నాయి."

కుట్టించుకునేవాళ్ళు తమకు సరిగ్గా నప్పిన పాత బట్ట ఒకటి ఆమెకు ఇచ్చిపోతారు. అదే ఆది. దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి కత్తిరిస్తే మళ్ళీ వాళ్ళ ఒంటికి అతికినట్టు వస్తుంది. రేపు కత్తిరించాల్సిన గౌను ఆది కూడా ఆ మూటతోనే పోయింది.

తప్పు చేశానని కోడలికి తెలుస్తూనే ఉంది. ఆ భయమే కోపమై బయటికొచ్చింది. "ఆదులైతే మాత్రం నలభై బట్టలు దాచాలా అత్తయ్యా? మెళ్ళో టేపుంది కదా. కొలిచి రాసుకుంటే నలభై మందీ ఒక్క కాగితంలో ఇమిడిపోతారు. మీ మూటల మూలంగా నా బిడ్డకి కాలు మోపే చోటు లేదు."

అత్తగారు మెళ్ళో టేపు తీసి మిషను మీద పడేసింది. "నిజమే. అబ్బాయి రాగానే చెప్తాను. మిషను ఎవరికైనా ఇచ్చేసి మా చెల్లెలి దగ్గరికి పోతాను. మీ నేల మీరు ఏలుకోండి."

ఏ వస్తువైనా చుట్టి ఒక మూల పెట్టడం అలవాటైన చెయ్యి కాబట్టి, కోడలు ఆ టేపును చుట్టబోయి ఆగింది. దాని మీద ఒక్క అంకే లేదు. అరిగి అరిగి పసుపు పట్టీ మాత్రం మిగిలింది.

"అంకెలేవత్తయ్యా?"

అత్తగారు కిటికీ వైపు తిరిగింది. "ఉన్నప్పుడు మాత్రం నాకేం చెప్పాయి గనక. బడి గడప తొక్కినదాన్నా? మెళ్ళో టేపు లేకపోతే కుట్టుపనిదాన్నని ఎవరూ నమ్మరని వేసుకుంటాను."

చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయిందని చెప్పుకోలేక, ఎవరైనా అడిగితే మాట మార్చేది కోడలు. ఇదే గదిలో ఇంకొకరు తమ లోటును ముప్పై ఏళ్ళుగా మెళ్ళో వేసుకుని మరీ దాచుకుంటున్నారని ఆమెకు ఏనాడూ తట్టలేదు. కళ్ళు తుడుచుకుని పిల్లాణ్ణి ఎత్తుకుంది.

"లేవండత్తయ్యా. బండి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు."

బట్టలు వేరుచేసే షెడ్డు నాలుగు స్టాపుల అవతల ఉంది. బస్సు దిగి నడుస్తుండగా కోడలు నెమ్మదిగా చెప్పింది, వాడివాళ నిలబడ్డాడని.

"ఎక్కడ?"

"మూట ఉన్నచోట."

అత్తగారు పది అడుగులు వేసింది. తర్వాత, "ఎంతసేపు?" అని అడిగింది.

షెడ్డులో బట్టలు కొండలా ఉన్నాయి. అక్కడి పెద్దామె, మధ్యాహ్నం గంట కొట్టేలోపు ఏరుకోండి, తర్వాత నేను చెయ్యగలిగిందేమీ లేదని విసుక్కుంది. అత్తగారు కళ్ళతో వెతకలేదు. చేతులతో వెతికింది. కుట్టు తడిమి, ఇది రొట్టెల కొట్టామెది, ఎడమ భుజం దిగి ఉంటుంది అనేది. ఇది బస్సు కండక్టరుది, సంచీ మోసి మోసి ఒకవైపు నడుం వంగింది అనేది. గంట కొట్టేసరికి ముప్పై ఏడు దొరికాయి. మూడు దొరకలేదు. ఆ మూడిళ్ళకూ నేనే వెళ్ళి తప్పు ఒప్పుకుని కొలతలు తీసుకొస్తానంది కోడలు.

దారిలో కొత్త టేపు, పొడుగాటి నోటుపుస్తకం కొన్నారు. ఆదులన్నీ కొలిచి పుస్తకంలోకి ఎక్కించడానికి నాలుగు రోజులు పట్టింది. అత్తగారు ఒక్కో ఆదినీ నేల మీద పరిచేది, కోడలు కొలిచి రాసేది. అంకెల్లో పట్టని సంగతులు పక్కన రాయమనేది అత్తగారు. "ఈమె కడుపుతో ఉన్నప్పుడిచ్చింది, రెండు వేళ్ళు తగ్గించు. ఇతను చిక్కిపోయాడు, అయినా వదులుగానే కుట్టాలి. చిక్కినట్టు ఎవరికీ తెలియకూడదట."

మూడో రోజు ఆమే అడిగింది, ఆ గీతలేమిటో తనకూ కాస్త చూపించమని. ఎనిమిదంటే ఒకదాని మీద ఒకటి కుట్టిన రెండు గుండీలని చెప్పింది కోడలు.

"మరైతే మూడు?"

"కుట్టూడిన ఎనిమిది."

అత్తగారు పమిటలో మొహం దాచుకుని చిన్నపిల్లలా నవ్వింది. పనినుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డ మొగుడికి, లోపల ఎవరు గెలిచారో అర్థం కాలేదు. చెప్పులు విడవడానికి మాత్రం ఇంత చోటు దొరికిందని కాలు అటూ ఇటూ చాపి చూశాడు.

రాసేసిన బట్టలు ఎవరివి వాళ్ళకు చేరాయి. నాలుగో రోజు సాయంత్రం, పుస్తకంలో నలభైమందీ చేరాక, అత్తగారు మంచంకోడు పట్టుకుని నిలబడ్డ మనవడి ఛాతీ చుట్టూ టేపు తిప్పింది. వాడు మెలికలు తిరుగుతున్నాడు. ఆమె టేపును కళ్ళకు దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఒకటి. పక్కన తొమ్మిది. పంతొమ్మిదేగా?"

పంతొమ్మిదేనంటూ కోడలు కొత్త పేజీ తిప్పి పెన్ను తీసింది. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"పెన్నుతో వద్దమ్మాయ్. వీడిది పెన్సిలుతో రాయి. నెల తిరక్కుండా చెరిపి మళ్ళీ రాయాలి."

ఇంట్లో పెన్సిలు లేదు. కోడలు పెన్నుకు మూత పెట్టి లేచింది. పిల్లాణ్ణి నేల మీదే వదిలి, రెండు చేతులూ ఊపుకుంటూ మెట్లు దిగింది.