నూనె పడిన కాగితపు తలుపు

“చెయ్యి తీయండి!” అని అరిచింది ఆమె.

వడ్రంగి ఉలిక్కిపడ్డాడు. అప్పటికే గోరంత తలుపొకటి అతని వేలికి అంటుకుని వచ్చేసింది.

“తెరుచుకుంటుందేమో అని చూశానండీ.”

“తెరుచుకుంటుంది. మీలాంటివాళ్ళు పీకకపోతే!”

అతను వచ్చింది గాజుపెట్టెకి కొలతలు తీసుకోవడానికి. పెట్టెలో పెట్టబోయేది బల్లమీది కాగితపు బడి. ఆమె వృత్తే కాగితంతో నమూనాలు చేయడం. కానీ ఇది ఎవరూ అడిగి చేయించుకుంటున్నది కాదు. వాళ్ళ నాన్న ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన బడి అది. నిరుడు ఆయన పోయారు. ఆ తర్వాత బడినీ కూల్చేశారు. ఆదివారం పదింటికి ఆయన పాత విద్యార్థులు చూడటానికి వస్తున్నారు.

“తలుపులు ఉత్తినే అంటించేస్తే సరిపోదాండీ?”

“నాన్న పాఠం చెప్పేటప్పుడు తలుపు మూయనిచ్చేవారు కాదు. ఆలస్యంగా వచ్చినవాడు తట్టి నిలబడకూడదనేవారు. తెరుచుకోని తలుపు నాకెందుకు?”

అతను ఊడిన తలుపుని తిరిగి ఇవ్వడానికి మొహం చెల్లక జేబులో వేసుకున్నాడు.

“ఊడగొట్టింది నేనే. బిగించడానికీ నేనే వస్తాను. పదేళ్ళుగా తలుపులే నా పని.”

“అవి ఏనుగులు. ఇవి చీమలు.”

అయినా మర్నాటి నుంచి, పగలు పెట్టె పని చూసుకుని సాయంత్రాలు వచ్చాడు. సన్నటి కాగితం ముక్కని సూది చుట్టూ చుట్టి, జిగురు పెట్టి, ఆరాక చిన్నచిన్న గొట్టాలుగా కోయాలి. రెండు గొట్టాలు గుమ్మానికి, వాటి మధ్యకు వచ్చేలా ఒకటి తలుపుకి. మూడింటిలోంచి తీగ దూరిస్తే బందు. మొదటిరోజు అతను నాలుగు చేస్తే రెండు బిగుసుకుపోయాయి, ఒకటి తుమ్ముకి ఎగిరిపోయింది.

“తుమ్మేముందు చెప్పాలి!”

“తుమ్ము నాకు చెప్పి వస్తుందాండీ?”

లోపల్నించి వాళ్ళమ్మ గొంతు వినిపించింది. “ఆ అబ్బాయికి టీ ఇచ్చావా, తిట్లే ఇచ్చావా?”

“రెండూ ఇచ్చానమ్మా!”

శుక్రవారం ఆమె కాగితాలు కొనడానికి వెళ్ళింది. మూడో గది తలుపు కాస్త బిరుసుగా తిరుగుతోంది. బిరుసు తలుపు కనిపిస్తే వడ్రంగి చెయ్యి ఊరుకుంటుందా? అలవాటుగా ఒక్క చుక్క నూనె వేశాడు. తలుపు హాయిగా తిరిగింది. అతను మురిసిపోయాడు.

ఆమె వచ్చేసరికి నూనె గోడంతా పాకి ఉంది. మూడో గది నాన్న గది.

ఆమె తిట్టలేదు. అతనికి భయం వేసింది అందుకే.

“పెట్టె బాగా చేశారు. రేపట్నించి రాకండి.”

శనివారం అతను దుకాణం తెరవలేదు. గోడ కొలతలు పెట్టె కోసం రాసుకున్న చీటీలో ఉన్నాయి, తలుపు కొలత జేబులో ఉంది. కొత్త కాగితపు గోడ కోశాడు. బందులు చేశాడు, పారేశాడు, మళ్ళీ చేశాడు. ప్రతిసారీ జిగురు లోపలికి జారి తీగని పట్టేసుకుంటోంది. మధ్యాహ్నానికి గానీ చెక్కలో దిగని స్క్రూకి తను మైనం రాసే సంగతి తట్టలేదు. తీగని కొవ్వొత్తికి ఒక్కసారి రాసి, శుభ్రంగా తుడిచి దూర్చాడు. తలుపు తిరిగింది.

ఆదివారం ఆ గోడని అట్టపెట్టెలో, పసిపాపని ఎత్తుకున్నట్టు మోసుకొచ్చేసరికి పది కావస్తోంది. వాళ్ళ వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

“రా నాయనా. పొద్దుట్నించీ తలుపు మూయనివ్వడం లేదు మా పిల్ల.”

“గాలి కోసమమ్మా!” అంది లోపల్నించి ఆమె.

ఆమె గోడ అందుకుని మూడో గదికి అమర్చింది. వంగి మెల్లగా ఊదింది. గోరంత తలుపు తెరుచుకుంది. ఆమె చాలాసేపు అలాగే వంగి ఉంది.

“ఆలస్యంగా వచ్చారు,” అంది చివరికి.

“తట్టే పని లేదని తెలుసు కదండీ.”

ఆమె నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూనే.

“పని అయిపోయింది. ఇక రేపు రావడానికి నాకు వంక లేదు,” అన్నాడతను, ఆమెని కాక తలుపుని చూస్తూ. “వంక లేకుండా రావచ్చాండీ?”

గుమ్మంలోంచి వాళ్ళమ్మే అందుకుంది.

“ఈ వీధి తలుపు ఎన్నాళ్ళుగానో కిర్రుమంటోంది నాయనా. రోజూ వచ్చి ఒక్కో చుక్క నూనె వేసి పో.”

“నూనె దానికి మాత్రమే,” అంది ఆమె.